ఇంగితమునకు మార్కులు

మన యిండ్లలో 14, 15 ఏండ్ల పిల్లలను గణితములో ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుదురు; ఆంగ్లములో ఎన్ని వచ్చినవని అడుగుదురు. తోటివాని మనస్సును తెలిసికొనుటలో ఎన్ని మార్కులు వచ్చినవని అడిగిన తండ్రిని మేమింతవఱకు చూడలేదు. కాని అట్టి ప్రశ్న పుట్టు కాలము దూరమున లేదు. 2020వ సంవత్సరమున మన దేశమున ప్రకటింపబడిన జాతీయ విద్యావిధానము, చదువువలన అలవడవలసిన గుణములలో కరుణను, సహానుభూతిని పేర్కొన్నది. ప్రగతి పత్రములో ఉపాధ్యాయుని అంచనాతోపాటు, విద్యార్థి తన్నుగూర్చి తాను వేసికొను అంచనాయు, తోటి విద్యార్థులు వేయు అంచనాయు చేరవలెనని సూచించినది. ఆశయము మంచిదే. అయితే ఒక గుణమును ప్రగతి పత్రమున కెక్కించుటకు ముందు, దానిని కొలుచుట యెట్లో తెలియవలెను గదా. కౌమారములో నున్న బాలబాలికల సహానుభూతిని, ఇతరులనుగూర్చిన వారి ఎఱుకను కొలుచుట సాధ్యమా? సాధ్యమైనచో ఆ కొలత దేనికి పనికివచ్చును, దేనికి పనికిరాదు? ఇది నేటి మా ప్రసంగ విషయము.

ఈ విషయమునందు మాకు శ్రద్ధ పుట్టినది పుస్తకములవలన గాదు, మేము చేసిన యొక పొరపాటువలన. ముందుగా దానిని చెప్పుకొనుట న్యాయము.

కొంతకాలము క్రిందట బాలబాలికల కార్యక్రమ మొకటి ధ్వనిముద్రణ చేయుటకై ఒక ఉన్నత పాఠశాలనుండి తొమ్మిదవ తరగతి విద్యార్థులను 12 మందిని మా స్టూడియోకు పిలిపించితిమి. ఇతరుల మనస్సు మనకెంత తెలియును అనునది ఆనాటి విషయము. మొదట ఒక్కొక్కరి కొక కాగితమిచ్చితిమి. అందు మేము వ్రాసిన వాక్యములు 20. 'స్నేహితుడు బాధలో ఉంటే నాకూ బాధ కలుగుతుంది', 'ఎదుటివాడు చెప్పకపోయినా అతని కోపం నాకు తెలుస్తుంది', ఈ తీరున నుండెను. ప్రతి వాక్యము నెదుట 'అస్సలు కాదు' మొదలు 'పూర్తిగా నిజం' వఱకు ఐదు గళ్లు; వానికి సున్న మొదలు నాలుగు వఱకు మార్కులు. పిల్లలు గుర్తులు పెట్టి యిచ్చిరి. మేము అక్కడికక్కడే కూడిక వేసి, వినోదముగా నుండునను తలంపుతో, మైకు ముందట పేరుపేరున మార్కులు చదివితిమి. 80కి 76 వచ్చిన బాలికకు అందఱును చప్పట్లు కొట్టిరి. 29 వచ్చిన బాలుని చూచి నవ్విరి. మేమును నవ్వితిమి.

తరువాత వారికి ఒక చిన్న ధ్వనిముద్రణ వినిపించితిమి. సంక్రాంతి ముందటి దినము. పట్టణమున నున్న కుమారుడు పల్లెలోని తల్లికి ఫోను చేసి, పండుగకు రాలేనని చెప్పుచున్నాడు. అతని మాట మనకు వినబడదు. తల్లి మాట మాత్రమే వినబడును. "ఫరవాలేదులే నాయనా, పనులుంటాయి గదా. వీలున్నప్పుడే రా... అరిసెలా? ఇంకా వండలేదులే, ఇప్పుడేం తొందర!" ఇంతే. ఆ తల్లి పాత్రను మా నాటక విభాగపు కళాకారిణి యొకామె ధరించినది. ఆమె మనస్సులో ఏమున్నదో రెండు మాటలలో వ్రాయుడని పిల్లల నడిగితిమి.

76 మార్కుల బాలిక, "ఆమెకు బాధ లేదు. కొడుకు ఉద్యోగం ముఖ్యమని అర్థం చేసుకుంది" అని వ్రాసినది. 29 మార్కుల బాలుడు వ్రాసిన దిది: "అబద్ధం చెప్తోంది. వెనకాల నూనె చప్పుడు వస్తోంది. అరిసెలు వండుతోంది. వండానంటే కొడుకు బాధపడతాడని చెప్పలేదు." నిజమే. ఆమె మాటల వెనుక బాణలిలో నూనె సుయ్యిమను చప్పుడును మేమే చేర్చి యుంటిమి. పన్నెండుమందిలో దానిని పట్టుకొన్నవాడు ఆ యొక్కడే.

మూడవ బాలిక యొకతె కలదు. ఆమె, తల్లికి కొడుకుపై కోపము వచ్చినదని వ్రాసినది. అది పొరపాటు. కాని పిల్లలందఱు వెడలిపోవునప్పుడు ఆమె తలుపు దగ్గఱ నిలిచి, "ఆ మామ్మగారి కొడుకు తర్వాతైనా వచ్చాడాండీ?" అని యడిగినది. అది నాటకమమ్మా అని చెప్పితిమి. తెలియునన్నట్లు తల యూపినది గాని, సమాధానపడినట్లు కనబడలేదు.

ప్రసారము చేయునపుడు మార్కులు చదివిన భాగమును తీసివేసితిమి. కార్యక్రమము బాగున్నదని కొందఱు శ్రోతలు ఉత్తరములు వ్రాసిరి. పదునైదు దినములైన పిమ్మట ఆ తరగతి ఉపాధ్యాయుడు మాకు కనబడి, "ప్రోగ్రాం బాగుందండీ. కాని మీరు చదివిన మార్కులు మా క్లాసులో ఇంకా చెరగలేదు. ఆ అబ్బాయిని పిల్లలు రాతిగుండె అని పిలుస్తున్నారు" అని చెప్పినాడు. అన్ని తక్కువ మార్కులెట్లు వచ్చినవని ఆయన ఆ బాలుని అడుగగా, "ఎవరైనా ఏడిస్తే నాకు ఏడుపు రాదు సార్. ఏం చెయ్యాలో తోచదు. అందుకని కాదు అని పెట్టాను" అన్నాడట. ఆ కాగితమును సత్యముగా నింపినందుకు వానికి దక్కిన ఫలమిది.

ప్రసారమునుండి మేము తీసివేసిన భాగమును ఆ తరగతి గదినుండి తీసివేయువారెవరు? అప్పటినుండి ఈ కొలతలనుగూర్చి చదువ మొదలిడితిమి. మేము చేసిన పొరపాటులో క్రొత్త దేమియు లేదనియు, నూఱేండ్లుగా మనస్తత్వ శాస్త్రజ్ఞులు దానితోనే పెనగులాడుచున్నారనియు తెలిసినది.

ముందుగా మాటలను సరిచేసికొందము. మన భాషలో 'ఇంగితము' అను మంచి మాట యున్నది. మనస్సులోని భావమును బయటపెట్టు ముఖకవళికయు, చేష్టయు ఇంగితము. ఇతరుల ఇంగితమును గ్రహించు నేర్పు పరేంగితజ్ఞానము. 'సానుభూతి' అను మాట నేడు పత్రికలలో మృతుల కుటుంబమునకు తెలుపునదిగా, ఎన్నికలలో ఓట్లు తెచ్చునదిగా మిగిలినది. అందుచే మేము 'సహానుభూతి' యని వాడుచున్నాము. ఆంగ్లమున దీనికి సరియైన 'ఎంపతి' అను మాటను 1909లో టిచెనర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక జర్మను మాటకు బదులుగా కల్పించెను. ఆ జర్మను మాట మొదట కళానుభవమును గూర్చినది. 1873లో రాబర్ట్ విషర్, తరువాత థియొడార్ లిప్స్, చిత్రమును శిల్పమును చూచువాడు తన భావమును అందులోనికి ప్రవేశపెట్టుటను ఆ మాటతో చెప్పిరి. మన ఆలంకారికులు, ముఖ్యముగా కాశ్మీరదేశమున ఆనందవర్ధనుడు, అభినవగుప్తుడు, కావ్యమును కవి హృదయముతో సమానమైన హృదయముతో అనుభవించువానిని సహృదయుడనిరి. రెండు చోట్లను ఈ భావము మొదట కళకు సంబంధించినదై యుండుట గమనింపదగినది. మనుష్యుని మనస్సును మనుష్యుడు చదువుట కావ్యమును చదువుటవంటి పని యని పూర్వులకు తోచియుండును.

ఈ యొక్క మాటలో రెండు శక్తులు కలిసియున్నవి. ఎదుటివాని మనస్సులో ఏమున్నదో తెలియుట ఒకటి. దీనిని ఎఱుక యందము. వాని సుఖదుఃఖములకు మన మనస్సు కరగుట రెండవది. దీనిని ఆర్ద్రత యందము. నూనె చప్పుడు విన్న బాలునిది ఎఱుక. తలుపు దగ్గఱ నిలిచిన బాలికది ఆర్ద్రత. మేము ఇచ్చిన కాగితము ఈ రెంటిని ఒకే సంచిలో పోసి తూచినది. గుడ్డను గజముతో కొలుతుము, బియ్యమును సోలతో కొలుతుము. రెంటిని కూడి మొత్తమింత యని చెప్పువానిని అంగడిలో ఎవరును నమ్మరు.

శాస్త్రజ్ఞులు ఈ జాగ్రత్త కొంతవఱకు తీసికొనిరి. 1980లో మార్క్ డేవిస్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ప్రకటించిన ప్రశ్నపత్రము నేటికిని వాడుకలో నున్నది. అందు వాక్యములు 28. అవి ఏడేసి చొప్పున నాలుగు వర్గములు. ఇతరుల దృష్టితో చూచుట ఒకటి. కథలలోని పాత్రలతో తాదాత్మ్యము చెందుట రెండు. కష్టములో నున్నవారియెడల ఆదరము మూడు. ఇతరుల కష్టమును చూచి తానే కలవరపడుట నాలుగు. ఈ నాలుగవ దానిని వేఱుగా నుంచుట మిక్కిలి వివేకమైన పని. రక్తము చూచి మూర్ఛపోవువాడు కఠినుడు గాడు. కాని గాయమునకు కట్టు కట్టువాడును గాడు. ఏడ్చువానిని చూచి ఏమి చేయవలెనో తోచదన్న మా బాలుడు ఈ నాలుగవ వర్గమున నుండదగినవాడు. మా కాగితములో అట్టివానికి చోటే లేదు.

కౌమార వయస్కుల కొఱకే 2006లో ఇంగ్లండున జాలిఫ్, ఫారింగ్టన్ అనువారు మఱియొక ప్రశ్నపత్రమును సిద్ధపఱచిరి. మొదట 40 వాక్యములు వ్రాసి, సుమారు 15 ఏండ్ల విద్యార్థులు 363 మందిచే నింపించి, వానిని 20కి తగ్గించిరి. వానిలో 9 ఎఱుకకు, 11 ఆర్ద్రతకు సంబంధించినవి. ఈ విభాగము నిలుచునా లేదా యని మఱియొక 357 మందితో పరీక్షించి చూచిరి, నిలిచినది. ఈ రెంటియందును బాలురకంటె బాలికలకు ఎక్కువ మార్కులు వచ్చినవి.

బాలికల హృదయము మెత్తనిదని లోకము చెప్పుమాట నిజమైనదే యని మనము తొందరపడవచ్చును. ఇచ్చట 1983లో నాన్సీ ఐజెన్‌బెర్గ్, రాండీ లెనన్ అను ఇరువురు చేసిన పరిశీలనను జ్ఞాపకము చేసికొనవలెను. సహానుభూతిలో స్త్రీ పురుష భేదమును గూర్చి అప్పటివఱకు జరిగిన పరిశోధనల నన్నిటిని వారు ప్రక్క ప్రక్కను పెట్టి చూచిరి. తన్నుగూర్చి తాను వ్రాసికొను ప్రశ్నపత్రములందు భేదము మిక్కిలి పెద్దది. తన్ను పరీక్షించుచున్నారని తెలియకుండ ముఖకవళికలను గమనించినచో, శరీరములోని మార్పులను యంత్రములతో కొలిచినచో, ఆ భేదము దాదాపు కనబడలేదు. అనగా కొలసాధనము మాఱగానే ఫలితము మాఱినది. ప్రశ్నపత్రము కొలిచినదానిలో ఎంతో కొంత భాగము, బాలిక యిట్లుండవలెను, బాలుడిట్లుండవలెను అని పెద్దలు నేర్పిన పాఠమే. 'నేను దయగలదానను' అని వ్రాయుట మన బాలికకు మర్యాద. 'నాకు ఏడుపు వచ్చును' అని వ్రాయుట మన బాలునకు అవమానము. కాగితము ఈ రెంటిని వేఱుపఱుపజాలదు.

అట్లయిన పిల్లలను అడుగుట మాని, వారిచే పని చేయించి చూచిన బాగుండునని తోచును. శాస్త్రజ్ఞులకును అట్లే తోచినది. 1949లో రోజలిండ్ డైమండ్ అను ఆమె యొక ఉపాయము చేసెను. కొందఱు విద్యార్థులు తమ్ముగూర్చి తాము, ఒకరినిగూర్చి ఒకరు, కొన్ని గుణములకు అంకెలు వేయవలెను. పిదప, ఎదుటివాడు తనకు తాను ఏ అంకె వేసికొనియుండునో, నాకు ఏ అంకె వేసియుండునో ఊహించి వ్రాయవలెను. ఊహ ఎంత దగ్గఱగా నున్న అంత సహానుభూతి యని ఆమె లెక్క. చూచుటకు మిక్కిలి న్యాయముగా నున్నది. కాని 1955లో లీ క్రాన్‌బాక్ అను గణితజ్ఞానముగల మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇందలి లోపమును చూపెను. ఒక బాలుడు అందఱును నావంటివారే యని తలచి, తన అంకెలనే అందఱికిని వేసినాడనుకొందము. ఎదుటివారు నిజముగా వానివంటివారే యైనచో వానికి నూటికి నూఱు వచ్చును. వాడు ఎవరి మనస్సును చదువలేదు. అద్దములో తన్ను చూచుకొన్నాడు. ఒకే ఊరివారు, ఒకే కులమువారు, ఒకే స్థితివారు కూర్చున్న తరగతిలో ఇట్టి బాలుడు మహా ఇంగితజ్ఞుడని పేరుపొందును. తనకంటె వేఱైన యింటినుండి వచ్చిన తోటివాని యెదుట కూర్చుండబెట్టినగాని వాని నిజము బయటపడదు.

మఱియొక పరీక్ష కన్నులకు సంబంధించినది. కేంబ్రిడ్జిలో సైమన్ బారన్ కోహెన్, ఆయన సహచరులు 2001లో దీనిని సంస్కరించి ప్రకటించిరి. ముఖములో కన్నుల భాగమును మాత్రము చూపు ఛాయాచిత్రములు 36. ప్రతి చిత్రము చుట్టు నాలుగు మాటలు. ఆ కన్నులలోని భావమునకు సరిపడు మాటను ఎన్నుకొనవలెను. పిల్లల కొఱకు 28 చిత్రముల పరీక్ష వేఱుగా నున్నది. ఇందు పిల్లలు తమ్ముగూర్చి గొప్పలు చెప్పుకొను వీలు లేదు. కాని మాట తెలియనివానికి భావము తెలిసినను మార్కు రాదు. ఆ చిత్రములలోని ముఖములు ఏ దేశపువో అదియును ఒక చిక్కు. 2010లో జపానువారికిని అమెరికావారికిని ఉభయుల కన్నులును చూపి పరీక్షింపగా, ఎవరికి వారు తమవారి కన్నులనే బాగుగా చదివిరి. మన పల్లెలోని బాలికకు పరదేశపు కన్నులను చూపి, పుస్తకభాషలోనికి తర్జుమా చేసిన నాలుగు మాటలిచ్చి, నీకు ఇంగితము తక్కువ యనుట ఎంత న్యాయమో శ్రోతలే ఆలోచింపవచ్చును.

కౌమారమును గూర్చి మాకు మిక్కిలి తెలివి కలిగించిన పరీక్ష ఇంకొకటి. 2010లో డుమోంథీల్, ఆపర్లీ, బ్లేక్‌మోర్ అనువారు దీని ఫలితములను ప్రకటించిరి. నాలుగు వరుసలు, వరుసకు నాలుగు గళ్లు గల అలమార యొకటి. గళ్లలో బంతులు మొదలగు వస్తువులున్నవి. అలమారకు ఇవతల మీరు, అవతల ఒక మనుష్యుడు. కొన్ని గళ్లకు వెనుక మూత యుండుటచే వానిలోనివి అతనికి కనబడవు. 'చిన్న బంతిని జరుపుము' అని అతడనును. అన్నిటికంటె చిన్న బంతి మీకు మాత్రమే కనబడుచున్నది. అతడు చెప్పునది దానిని గాదు. అతనికి కనబడువానిలో చిన్నదానిని. ఇంత తేటయైన విషయములో పెద్దవారు సైతము చాలమారులు పొరపడిరి. 7 మొదలు 27 ఏండ్ల వఱకు గల బాలికలను, యువతులను పరీక్షింపగా తేలిన సంగతి యేమనగా, అవతల మనుష్యుడు లేకుండ, 'ఫలాని రంగు గళ్లను విడిచిపెట్టుము' అని నియమము మాత్రమే చెప్పినచో 14 నుండి 17 ఏండ్లవారు పెద్దలతో సమానముగా చేసిరి. నియమమునకు బదులు మనుష్యుడు నిలిచినపుడు మాత్రము పెద్దలకంటె వెనుకబడిరి. నియమమును పాటించు శక్తి ముందు పండినది. ఇతరుని దృష్టిని ఆ క్షణమందే లెక్కకు తీసికొను శక్తి ఇంకను పండుచున్నది. తెలిసియు తప్పు చేసినావని పదునైదేండ్ల పిల్లను గద్దించు తల్లి ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుట మంచిది. తెలియుట వేఱు, తెలిసినదానిని సమయమునకు వాడుట వేఱు.

పండుచున్న కాయను ఒక దినమున కోసి రుచి చెప్పుట ఎంత అన్యాయమో నెదర్లాండ్సు దేశమున జరిగిన పరిశోధన యొకటి చూపుచున్నది. 2014లో ప్రకటింపబడిన ఆ పరిశోధనలో 497 మంది పిల్లలను 13వ యేటినుండి 18వ యేటివఱకు ఏటేట ప్రశ్నించిరి. ఇతరుల దృష్టితో చూచు శక్తి ఆ యేండ్లలో పెరిగినది. బాలికలలో ముందుగా పెరిగినది. బాలురలో ఆదరము కౌమారము నడుమ కొంత తగ్గి, పిదప మరల పైకి వచ్చినది. ఇదియు వారు తమ్ముగూర్చి తాము చెప్పినదే యని మఱువరాదు. అయినను ఒక్కటి స్పష్టము: తొమ్మిదవ తరగతిలో తక్కువ మార్కు వచ్చిన బాలునకు ఆ మార్కే కడపటి మాట గాదు. ఆ వయస్సున వానిని రాతిగుండె యన్నవారు, దిగుచున్న మెట్టుమీద నున్నవానిని చూచి పాతాళవాసి యన్నట్లు.

ఇక ఎఱుక యుండిన చాలునా? 1999లో ఇంగ్లండున జాన్ సటన్, ఆయన సహచరులు 7 మొదలు 10 ఏండ్ల పిల్లలకు కథలు చెప్పి, అందలివారి మనస్సులలో ఏమున్నదో అడిగిరి. తరగతిలో తోటివారిని ఏడిపించు ముఠాలకు నాయకులైన పిల్లలు, వారి వెంట నుండువారికంటెను, వారిచే బాధలు పడువారికంటెను బాగుగా చెప్పిరి. ఎవనికి ఎక్కడ నొచ్చునో తెలిసినవాడే అచ్చట పొడువగలడు గదా. మన బాలునికి రాతిగుండె యని పేరుపెట్టినవాడెవడో మాకు తెలియదు. కాని వానికి ఇంగితజ్ఞానము లేదని మేమనజాలము. కావున ఎఱుకకు వచ్చిన మార్కును మంచితనమునకు వచ్చిన మార్కుగా చదువరాదు.

మా వృత్తికి సంబంధించిన మాట యొకటి చెప్పెదము. 2017లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన మైకేల్ క్రౌస్ ఐదు ప్రయోగముల ఫలితములను ప్రకటించెను. పెద్దవారిని పరీక్షింపగా, ఎదుటివాని ముఖమును చూచుచు విన్నపుడుకంటె, కంఠమును మాత్రమే విన్నపుడు వాని భావమును బాగుగా ఊహించిరి. ముఖమునకు మనము ముసుగు వేయ నేర్చితిమి. కంఠమునకు అంత బాగుగా వేయ నేర్వలేదు. పిల్లలపై దీనిని పరీక్షించినట్లు మేము చెప్పుట లేదు. కాని నిత్యము కంఠములతో పని చేయు మాకు ఇది ఆశ్చర్యముగా తోచలేదు. "ఫరవాలేదులే నాయనా" అను మాటకు ముందు మా కళాకారిణి విడిచిన చిన్న విరామమును ఏ ప్రశ్నపత్రమును వ్రాయజాలదు. దానిని విని తెలిసికొనవలసినదే.

ఇన్ని లోపములున్నవి గావున కొలతలను పారవేయవలెనని మా యభిప్రాయము గాదు. కొలువనిదానిని పాఠశాలలు మఱచిపోవును. మార్కు లేని పాఠమును పిల్లలును చదువరు, ఉపాధ్యాయులును చెప్పరు. కొలతకు తగిన స్థానమున్నది. కెనడాలోని టొరంటోలో 1996లో మేరీ గార్డన్ అను ఆమె యొక పద్ధతి ప్రారంభించెను. ఒక తల్లి తన పసిబిడ్డతో సంవత్సరమంతయు నడుమ నడుమ తరగతికి వచ్చును. మాటలు రాని ఆ బిడ్డ ఏల ఏడ్చుచున్నదో, ఏమి కోరుచున్నదో పిల్లలు కనిపెట్టుదురు. అట్టి పద్ధతివలన తరగతికి మేలు జరిగినదా లేదా యని తెలియవలెనన్న ముందును వెనుకను కొలువక తప్పదు. అప్పుడు ఆ కొలత పరీక్షించునది పద్ధతిని, పిల్లవానిని గాదు. అనేకులను కలిపి చూచునపుడు ఒకరి బిడియము, ఒకరి గొప్పలు కొంత సర్దుకొనును. ఒక్కని యెదుట అంకె వేసి పేరు వ్రాసినపుడు ఆ లోపమంతయు వానినెత్తినే పడును.

కావున పాఠశాలలవారికిని, మావంటివారికిని మా మనవి యిది. ఎఱుకను ఆర్ద్రతను ఒక మొత్తముగా కూడవద్దు. కాగితముమీద పేరు వ్రాయింపవద్దు. పిల్లవాడు తన్నుగూర్చి చెప్పినదానిని, వాడు చేసినదానిని, వాని తోటివారు చూచినదానిని ప్రక్క ప్రక్కను ఉంచుడు. మూడును ఏకమైనగాని ఏ మాటయు చెప్పవద్దు. ప్రశ్నలు పిల్లలు ఇంట మాటలాడు తెలుగులో వ్రాయుడు. ముఖములు, కంఠములు వారు నిత్యము చూచువారివి, వినువారివి తీసికొనుడు. అన్నిటికంటె ముఖ్యముగా, వచ్చిన అంకెను ఉపాధ్యాయుడు తన బల్ల సొరుగులో ఉంచుకొనవలెను. అది ఆయనకు ఏమి నేర్పవలెనో తెలుపుటకు గాని, పిల్లవానికి పేరు పెట్టుటకు గాదు.

ఆ ఉపాధ్యాయుని మాట విన్న తరువాత మేము ఆ పాఠశాలకు వెళ్లితిమి. మార్కులు చదువుట మా తప్పనియు, ఆ కాగితమునకు అంత విలువ లేదనియు తరగతి యెదుట చెప్పితిమి. ఆ ధ్వనిముద్రణను మరల వినిపించి, ఈ మారు మార్కులు లేకుండ, ఎవరికేమి వినబడినదో చెప్పుడంటిమి. ఇద్దఱు ముగ్గురు నూనె చప్పుడు వినబడినదనిరి. విరామము వినబడినదని ఒక బాలిక యన్నది. ఆమె 76 మార్కుల బాలికయే. మా బాలుడు కిటికీవైపు చూచుచు కూర్చుండెను, ఏమియు పలుకలేదు. మేమును వానిని పలికింపలేదు.

మొన్న ఆ ఉపాధ్యాయుడు మరల కనబడినాడు. ఆ పేరు ఇంకను వినబడుచున్నదా యని యడిగితిమి. "తగ్గిందండీ" అన్నాడు, కొంచెము ఆగి, "పూర్తిగా పోలేదు" అన్నాడు. రాబోవు కార్యక్రమమునకు ఆ బాలుని రమ్మని కబురు పంపియున్నాము. వాడు వచ్చుననియే మా యాశ.